కందెన పోసిన బ్రేకులు

ఆముదం వాసన నాకు ఇప్పటికీ పడదు. ఇంట్లో ఎవరైనా తలకు రాసుకుంటే లేచి వసారాలోకి పోతాను. పిల్లలు నవ్వుతారు, ఆముదానికి ఇంత రోత ఏమిటని. రోత ఆముదం మీద కాదు, మా పెద్దనాయన మీద. మనిషి పోయి చాలా కాలమైంది, రోత మాత్రం పోలేదు.

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నాయన పోయాక అమ్మా నేనూ పెద్దనాయన ఇంట్లోనే, ఆయన చెప్పుచేతల్లోనే ఉండేవాళ్లం. ఇంటికి ఒక పాత కారు ఉండేది. కారు ఆయనది, తోలేది నేను. అహోబిలం తిరునాళ్లకు పోయినా, నంద్యాల మార్కెట్‌కు పోయినా ఆయన ముందు సీటులో మోచేయి బయటకు పెట్టి కూర్చునేవాడు. ఆ మోచేయి నలుగురికీ కనబడడానికే కారు కొన్నాడని నా అనుమానం. పైన పటారం, లోన లొటారం.

అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడి కన్ను బొత్తిగా ముదిరిపోయి, బియ్యంలో రాయి ఏదో గింజ ఏదో తెలియక వేళ్లతో తడుముకునేది. ఆమెను నంద్యాలలో ఆపరేషన్‌కు ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కాలంలో కంటి ఆపరేషన్ ఇప్పటిలా పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని కాదు. తల కదపకుండా రోజుల తరబడి పడుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు కూడా డాక్టరు చెప్పేది ఒకటే మాట, తలకు కుదుపు తగలకూడదని. మా గుంతల రోడ్డు మీద బస్సులో ఆమెను తీసుకురావడం కుదరదు. కారులోనే తేవాలి. అందుకని ముందుగానే బ్రేకులు బాగు చేయించాలనుకున్నాను.

నంద్యాలలో ఒక షెడ్డులో నాలుగు చక్రాలకూ కొత్త లైనింగులు, అంటే బ్రేకు తొక్కితే ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు, వేయించాను. షెడ్డు దాటగానే అరుపు మొదలైంది. బ్రేకు మీద కాలు పెడితే చాలు, చెవులు చిల్లులు పడేలా కీచుమనేది. వెనక్కి తిప్పుకుని పోతే మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కొత్త లైనింగులప్పా, పట్టు పడాల. నాలుగు దినాలు తోలు, అదే పోతాది."

పోలేదు, పెరిగింది. ఇంటి దగ్గర జాకీ వేసి, చక్రాల లోపల గిన్నెల్లా ఉండే బ్రేకు డ్రమ్ములు ఒక్కొక్కటీ నేనే విప్పాను. లోపలంతా నల్లటి దుమ్ము, లైనింగుల మీద అద్దం లాంటి మెరుపు. దుమ్ము దులిపి, మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాను. కొన్నాళ్లు నోరు మూసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి డ్రమ్ము లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పితే సంగతి తెలిసింది. పాత లైనింగులు ఏళ్ల తరబడి ఒరుసుకుని డ్రమ్ములో గాడి పడింది, దాని అంచున గట్టు లేచింది. కొత్త లైనింగు అంచు ఆ గట్టుకు రాసుకుని అరుస్తోంది. ఆకురాయితో అంచులు వాలుగా అరగదీస్తే కొంత తగ్గింది. పూర్తిగా పోవాలంటే డ్రమ్ములు నంద్యాల తీసుకుపోయి లేతు మిషను మీద చదును చేయించాలి. ఎంత అరిచినా బ్రేకు మాత్రం గట్టిగా పట్టేది, అనుకున్న చోట ఆగేది.

"డ్రమ్ములు వచ్చేదాకా కారును ఇటుకల మీద నిలబెట్టాల పెద్దనాయనా," అన్నాను.

"ఏందీ, ఇటుకల మీదా? దివాలా తీసినోని కారు మాదిరి వాకిట్లో నిలబెడతావా? సూసినోళ్లు ఏమనుకుంటారు?"

ఇటుకల మీద పెడితే పరువు పోతుంది, రోడ్డు మీద అరిస్తే పరువు పోతుంది. బ్రేకు పడుతుందా లేదా అని మాత్రం ఆయన ఏ రోజూ అడగలేదు.

అమ్మ కుడి కంటికి ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు పెద్దనాయన కూడా బయల్దేరాడు. ఆసుపత్రి ముందు బ్రేకు తొక్కాను. రోడ్డంతా తిరిగి చూసింది. అక్కడ టీ అంగడి బెంచీ మీద కూర్చున్న ఒకాయన, పెద్దనాయనకు వరసకు బావమరిది, గొంతెత్తి అడిగాడు.

"ఏం బావా, కార్లో పందిని గాని కోస్తాండారా?"

అందరూ నవ్వారు. పెద్దనాయన మోచేయి లోపలికి వచ్చింది.

నేను అమ్మను తీసుకురావడానికి లోపలికి పోయాను. నేను లేనప్పుడు ఆయన చేసిన పని నాకు తర్వాత తెలిసింది, కానీ ఇక్కడే చెబుతాను. రోడ్డు పక్కన మా ఊరి వేరుశనక్కాయల ఎద్దులబండి ఒకటి ఆగి ఉంది. మా వైపు బండ్లకు కింద ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉంటుంది. అందులో కందెన, అంటే ఆముదంలో గడ్డి మసి కలిపినది. ఇరుసు కీచుమంటే ఇంత కందెన పెడతారు, నోరు మూస్తుంది. తాతల నాటి వైద్యం. పెద్దనాయన ఆ బండివానిని పిలిచాడు. నేను బ్రేకు బిగించేటప్పుడు స్క్రూడ్రైవరు దూర్చే కన్నం ఆయన చూసి ఉన్నాడు. కందెన చిక్కగా ఉందని మరింత ఆముదం కలిపించి, ఆ కన్నంలోంచి నాలుగు చక్రాలకూ పోయించాడు. ఇరుసు తిరగడానికి, బ్రేకు ఆపడానికి. ఈ తేడా పలకా బలపం పట్టిన పిల్లోనికి కూడా తెలుస్తుంది. పదిమంది నవ్వితే ఆయనకు అదీ తెలియలేదు.

కంటికి కట్టుతో అమ్మను వెనక సీటులో పడుకోబెట్టి, తలకు అటూ ఇటూ దిండ్లు పెట్టి, నిదానంగా బయల్దేరాను. ఆమెకు ఎక్కడ కుదుపు తగులుతుందోనని మనిషి పరుగు కంటే నెమ్మదిగా తోలాను. ముందు రైలు గేటు పడింది. గేటు దగ్గర గడ్డి బండి ఒకటి ఆగి ఉంది. బ్రేకు తొక్కాను. అరుపు లేదు. బ్రేకూ లేదు. మళ్లీ తొక్కాను, గేరు తగ్గించాను, చేతి బ్రేకు లాగాను. బురదలో జారినట్టు కారు పోతూనే ఉంది. పోయి గడ్డి బండిని గుద్దుకుని ఆగింది. గడ్డి కాబట్టి కారుకు సొట్ట కూడా పడలేదు. వెనక అమ్మ సీటు మీద నుంచి కింద పడింది.

పెద్దనాయన నా వైపు తిరిగాడు.

"సూసినావా, అరుపు ల్యా," అన్నాడు.

అప్పటికి ఆయన ఇంకా అమ్మ వైపు చూడలేదు. కిందికి దిగితే చక్రాల దగ్గర నల్లగా కారుతోంది, గుప్పున ఆముదం వాసన. ఛీ! ఆ రోజు ఆయనను అక్కడే ఏమీ చేయకుండా ఎలా ఉన్నానో నాకు తెలియదు. అమ్మ కట్టు తడిసిపోతోంది. ఆమెను చేతుల మీద ఎత్తుకుని అటు పోతున్న జట్కా ఎక్కి మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాను. కుట్లు తెగిపోయాయి. ఆ కన్ను మళ్లీ రాలేదు.

అంతకంటే రోత పుట్టించేది తర్వాత జరిగింది. పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ పెద్దనాయన అమ్మ ముందే చెప్పేవాడు, "తల కదిలియ్యొద్దని డాక్టరు సెప్పినాడు. ఆడోళ్లు ఇంటారా?" అమ్మ అది వింటూనే తడుముకుంటూ ఆయనకు అన్నం వడ్డించేది. ఆయన పెట్టే కూడు తింటున్నాం కదా. నేను మాత్రం ఒకరోజు కంచం తోసేసి లేచాను. మళ్లీ ఆయన పంక్తిలో కూర్చోలేదు.

నూనె పీల్చిన లైనింగులు పారేసి, డ్రమ్ములు కడిగి కొత్తవి వేశాను. మళ్లీ అదే అరుపు వచ్చింది. ఇప్పుడు పెద్దనాయనే బతిమాలాడు, "ఇటుకల మీదయినా పెట్టుకో, ఆ లేతుకు ఏయించుకోని రా," అని. నేను వేయించలేదు. తోలేవాడిని నేనే, ఆయనకు వేరే దిక్కు లేదు. ఆ అరిచే కారులో కూర్చోలేక ఆయన అహోబిలానికి బస్సులో పోవడం మొదలుపెట్టాడు. నాకు మహా సంతోషంగా ఉండేది.

కొన్నాళ్లకు అమ్మకు రెండో కన్ను ఆపరేషన్ చేశారు. ఇంటికి తీసుకుపోయే రోజు కట్టుతో, నా భుజం పట్టుకుని బయటకు వచ్చింది. కారు తలుపు తీశాను. ఎక్కలేదు.

"ముందు ఒగసారి బ్రేకు తొక్కు నాయనా, ఇంటా," అంది.

కారు నిలబడి ఉంటే బ్రేకు అరవదు. అమ్మను నర్సుకు అప్పగించి, నేను ఎక్కి నాలుగు బారలు ముందుకు పోనిచ్చి తొక్కాను. రోడ్డంతా తిరిగి చూసింది. టీ అంగడి దగ్గర ఎవరో నవ్వారు.

"ఆ, అరిసింది," అంది అమ్మ. "ఇంగ పోదాం పా."