రాణివాసం దాకా

మా అత్తకు గుళ్ళు తప్ప ఇంకేవీ పట్టవు. అలాంటి మనిషి సిటీలో వాళ్ళుండే ఆర్.ఎస్. పురం నుంచి ఫోన్ చేసి, కొండ మీద పాత రాజుల మహలు ఉందట, అందరం కలిసి చూసి వద్దాం అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. బావ కూడా వస్తున్నాడని విన్నాక నా బుర్ర పనిచేయడం మానేసింది.

అత్త అంటే మా నాయన తోడబుట్టిన అక్క. బావ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. మావాళ్ళలో మేనత్త కొడుకుదే మొదటి హక్కు కాబట్టి, నేను ఉయ్యాల్లో ఉండగానే ఆమె నన్ను కోడలిని చేసేసుకుంది. నాకూ ఇష్టమే, దాచడమెందుకు? తను సెలవులకు తేని ఊరి పక్కన ఉన్న మా తోటకొచ్చి, పుల్ల ద్రాక్ష తిని కడుపు పట్టుకు దొర్లిన నాటి నుంచీ బావంటే ఇష్టమే. ఒక్కటే చిక్కు. చిన్నప్పుడు నా గుండెలో రంధ్రముందని మదురైలో ఆపరేషన్ చేశారు. పూర్తిగా నయమైందని డాక్టర్లు ఏనాడో చెప్పేశారు. ఆస్పత్రిలో రాత్రంతా నా తల నిమురుతూ కూర్చున్నది కూడా ఈ అత్తే.

ఆ ప్రయాణానికి ముందు నెలంతా నాయన నన్ను పొద్దున్నే లేపి నడకకు తీసుకెళ్ళేవాడు. తోట వెనక రాతిగుట్ట ఉంది. రోజూ కాస్త పైకి, ఇంకాస్త పైకి. ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. వాళ్ళ అవ్వ తిట్లన్నీ గొంతు మార్చి అభినయించేవాడు. పంట, మందులు, బేరగాళ్ళు తప్ప మాకెప్పుడూ దొరకని మనిషి. ఆ నెలలో దొరికాడు. నాకు భలే సంతోషంగా ఉండేది.

కొండ కింద వ్యాను దిగగానే అత్త మోకాళ్ళు పట్టుకుని నీడలో కూర్చుంది. "పడుచోళ్ళు మీరు పోండి" అంది. నాయన కూడా ఆగిపోయాడు. "మెల్లిగా ఎక్కు అమ్మిణీ, తొందర వద్దు" అని నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు.

బావ నాకు ఒక మెట్టు వెనకే నడిచాడు. ఎంత మర్యాద అనుకున్నాను, పిచ్చిదాన్ని. సగం దారిలో మండపం దగ్గర చల్లగాలికి కూర్చున్నాను. తర్వాత కోతి నా చిప్స్ పొట్లం లాక్కుపోతే నవ్వు ఆపుకోలేక ఇంకోసారి కూలబడ్డాను. పైకి చేరితే ఏముంది అక్కడ? కప్పు లేని గోడలు, గబ్బిలాల కంపు, సున్నం మీద గీకిన ప్రేమికుల పేర్లు. ఇది రాణివాసమని బోర్డు. రాణుల్ని పల్లకీల్లో మోసుకొచ్చేవారట. అదే బావతో చెబుతుంటే ఫోన్ మోగింది. గాలి హోరుకు వినబడక స్పీకర్ పెట్టాడు.

"ఎక్కేసిందారా? మూచ్చు వాంగిందా?" అత్త గొంతు.

ఆయాసపడిందా అని అడుగుతోంది. నా గురించి.

బావ నన్ను చూశాడు. స్పీకర్ ఆపబోతే వేలు తడబడింది. "రెండు చోట్ల కూచునింది మా. అంతగా ఏమీ లేదు."

"పెదాలు నల్లబడినాయా? బాగా చూసినావా?"

"లేదు మా."

"అట్లయితే సరి."

ఒళ్ళు మండిపోయింది. "పళ్ళు కూడా చూడమనిందా బావా? సంతలో ఎద్దుకు చూస్తారే!"

"అమ్మ మనసు సమాధానానికే. నేను వద్దనే చెప్పినా."

"వద్దని చెప్పి, నేను ఎక్కడ కూచున్నానో గుర్తు పెట్టుకుంటా వచ్చినావా?"

బావ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు నేను ముందు నడిచాను. ఎక్కడా కూర్చోలేదు.

కింద అత్త మల్లెపూలతో సిద్ధంగా ఉంది. "నా కోడలు!" అంటూ జడలో పెట్టింది. తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. "ఈ పెండ్లి నాకొద్దు అత్తా."

అత్త మొహం జేవురించింది. నా మీద కాదు, తమ్ముడి మీద విరుచుకుపడింది. "చూస్తివా తంబీ దీని పొగరు! ఒక నెల టైం ఇయ్యక్కా, రోజూ గుట్ట ఎక్కించి తయారుచేసి తెస్తానని నువ్వే కదా అంటివి?"

నాయన తల దించుకున్నాడు. "నీ మంచికే అమ్మిణీ" అన్నాడు, చెప్పుల వైపు చూస్తూ.

బావను కాదనడానికి నాకు ఒక్క మాట చాలింది. ఆ టీని, ఆ అవ్వ తిట్లని ఏం చేయాలో తెలియలేదు. ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. మాతో రాకుండా ఇంట్లోనే ఉండిపోయిన అమ్మ, బావ కోసమనుకుని ఓదార్చింది.

మరుసటి పొద్దున నాయన ఫ్లాస్కు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "పోదామా అమ్మిణీ?"

"ఈసారి ఎవరికి చూపించేదానికి నాయనా?" అన్నాను.