ఒస్వాల్దో పేరు మీద రౌండు

మా బావ ఎఫ్రాయిన్‌కి ఓర్వలేనితనం పుట్టుకతోనే వచ్చింది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, ఆయన కన్నతల్లే చెప్పింది. తమ్ముడికి కొత్త బూట్లు కొంటే ఈయనకు జ్వరం వచ్చేదట. పెళ్లిరోజున మా అక్క సోయ్లా తనకంటే కెమెరా వైపే ఎక్కువ చూసిందని విందు అయ్యేదాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. అక్కది ఫోటో స్టూడియో. కెమెరా సరిగ్గా పెట్టారో లేదో చూసుకోకుండా ఎలా ఉంటుంది? ఆ మధ్య పక్కవీధి వడ్రంగి చనిపోతే చూడ్డానికి వెళ్లాం. బయటికి రాగానే బావ నా చెవిలో, "ఈయనకి ఇన్ని పూలదండలు ఎవరు పంపారంటావ్?" అన్నాడు. చచ్చినవాణ్ణి చూసి కూడా కళ్లు కుట్టే మనిషిని నేను ఇబార్రా ఊరు మొత్తంలో ఇంకొకర్ని చూడలేదు.

అయినా మనిషి చెడ్డవాడు కాదు. బ్రేకుల షెడ్డు నడుపుతాడు, పనిలో వంక పెట్టడానికి లేదు. నేను తోలే సిటీ బస్సు బ్రేకులు చూసేది ఆయనే. "నీకేం రా, బస్సునిండా జనాన్ని ఎక్కించుకుని మేయరులా తిరుగుతావ్" అని అందుకూ ఏడుస్తాడు. ఆ జనం నన్ను రోజూ ఎన్ని తిడతారో ఆయనకు తెలియదు.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ట్రాక్ దగ్గర. యావర్‌కోచా సరస్సు చుట్టూ ఉన్న ట్రాక్‌ని కొన్ని ఆదివారాలు మాలాంటివాళ్లకు వదులుతారు. గేటు దగ్గర రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చు. మా జట్టులో అందరివీ పాత ఫోర్సా కార్లే. బావది నీలం రంగుది. మధ్యాహ్నానికి అందరం రోసౌరా పిన్ని చేపల కొట్టు దగ్గర బల్ల చుట్టూ చేరతాం. అక్కడ మాకొక కట్టుబాటు ఉంది. నోటితో చెప్పిన టైము చెల్లదు. కారులో పెట్టిన కెమెరా తీసిన వీడియో, దాని మీద టైమర్ డబ్బా కొలిచిన అంకెలు కదులుతూ పిన్ని కొట్లో టీవీలో అందరికీ కనపడాలి. ఎందుకంటే పొడుగుదారి మధ్యలో వేగం తగ్గించడానికి టైర్లు పేర్చి ఉంటాయి. వాటిని చుట్టి రాకుండా పక్కనుంచి అడ్డంగా కోసుకుపోతే ఎవడైనా గొప్ప టైమే చేస్తాడు. వీడియో ఉంటే ఆ పప్పులు ఉడకవు. అందరికంటే తక్కువ టైములో చుట్టి వచ్చినవాడికి పిన్ని మొదటి తిలాపియా చేప వడ్డిస్తుంది. వాడు ఒక ముక్క నోట్లో పెట్టుకునేదాకా మిగతావాళ్లం చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ మొదటి చేప ఏళ్ల తరబడి మా బావదే.

వీడియోకీ టైముకీ అతుకు వేసేది మా అక్క. కెమెరాకి టైము తెలియదు, డబ్బాకి బొమ్మ తెలియదు, రెండింటినీ ఒకచోట కలపాలి. అందుకని బయల్దేరేముందు ప్రతివాడూ చేతి తొడుగులు తీసేసి, డబ్బాని కెమెరా ముందు పట్టుకుని మీట నొక్కాలి. అది కీచుమంటుంది. ఆ కీచు వినపడ్డచోట అక్క వీడియోనీ లెక్కనీ కలుపుతుంది. తర్వాత కారు రౌండు మొదలయ్యే తెల్లగీత దాటిన క్షణంలోనే అంకె మారుతోందా లేదా అని చూసుకుంటుంది. పెళ్లిళ్ల వీడియోలు, చర్చిలో పిల్లలు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే వేడుక వీడియోలు చేసి చేసి చెయ్యి తిరిగిన మనిషి. మా అందరి రౌండ్లనూ ముందుకీ వెనక్కీ తిప్పి ఏళ్లుగా చూస్తున్నది ఆమె ఒక్కతే.

అలా ఉండగా ఒక ఆదివారం ఒస్వాల్దో వీడియోలో బావ టైముకంటే తక్కువ అంకె కనపడింది. కొద్ది తక్కువ కాదు, బాగా తక్కువ. ఒస్వాల్దోకి బజార్లో రంగుల దుకాణం. తెల్ల ఫోర్సాలో వస్తాడు, మధ్యలో ఎక్కడో ఉంటాడు, ఎవరితోనూ గొడవకు పోడు. బల్ల చుట్టూ ఒకటే కేకలు. పిన్ని పళ్లెం పట్టుకుని బావ ముక్కు ముందునుంచే వెళ్లి ఒస్వాల్దో ముందు పెట్టింది. వాడు ఆ చేపని కషాయం మింగినట్టు తిన్నాడు. పాపం, అలవాటు లేని గౌరవం కదా అనుకున్నాం.

బావ ఆరోజు చేప ముట్టలేదు. కర్రపెండలం ముక్క ఒకటి కొరికి, "ఉడకలేదు" అని పక్కన పెట్టాడు. నాకైతే వెన్నలా ఉంది.

ఆ తర్వాత నెలరోజులు మా అందరికీ నరకం. బావ రంగుల దుకాణం మీదుగా వెళ్లకుండా ఊరంతా చుట్టి ఇంటికి పోయేవాడు. ఒస్వాల్దో నడక మారిందనేవాడు, మెడ నిక్కిస్తున్నాడనేవాడు. కుళ్లు అక్కడితో ఆగలేదు, ఇంట్లోకీ వచ్చింది.

"వాడి వీడియోకి నువ్వంతసేపు ఎందుకు కూర్చున్నావ్? నాదైతే చిటికెలో చేసి పడేస్తావ్," అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర, నా ముందే.

"నీది చూసీ చూసీ కళ్లు మూసుకుని చేసేస్తాను కాబట్టి," అంది అక్క, సూపు వడ్డిస్తూ.

"వాడిదైతే కళ్లు తెరిచి చూడాలన్నమాట."

"అవును, కళ్లద్దాలు కూడా పెట్టుకున్నా. తిను ముందు."

తర్వాత నన్ను వసారాలోకి లాక్కుపోయాడు. "ఆ టైము ఒక రౌండుది, చూపించిన బొమ్మ ఇంకో రౌండుది రా. ఏదో రౌండులో టైర్ల పక్కనుంచి కోసుకుపోయుంటాడు. ఆ టైము తెచ్చి మంచి రౌండుకి అతికించారు."

"ఎవరు అతికించారు బావా? అతికించేది మా అక్కేగా?"

"నేనెవర్నీ అనలేదే!"

"ఇంకా అనడానికి ఏం మిగిల్చావ్?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. మా అక్క రంగుల దుకాణం వాడి కోసం దొంగ అతుకు వేసిందట! మొగుడు కాబట్టి బతికిపోయాడు.

శనివారం అక్క చర్చిలో వీడియో తీయడానికి వెళ్లింది. పొద్దున్నే బావ ఫోను. "స్టూడియోకి రారా. దొంగ దొరికాడు!"

వెళ్లేసరికి బావ అక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతుకు వేయడం ఎవరికీ తెలియకుండా నేర్చుకున్నాడట. కంప్యూటర్లో ఒస్వాల్దో కారు కెమెరా తీసిన అసలు వీడియో వెతికి పట్టి, దానిమీద ఆనాటి లెక్క తనే అతికించాడు. నిజంగానే రెండూ ఎక్కడా కలవడం లేదు. కారు తెల్లగీత దాటుతుంది, అంకె కదలదు. కారు టైర్లను చుడుతూ ఉంటుంది, అంకె కొత్త రౌండు మొదలుపెడుతుంది.

"చూశావా? చూశావా?" బావ ముఖం వెలిగిపోతోంది. "రేపే పిన్ని టీవీలో పెడతా. ఆ మింగిన చేప కక్కిస్తా వాడిచేత!"

"కీచు ఏది బావా?"

"ఏ కీచు?"

"మీట నొక్కిన కీచు. ఈ వీడియో మొదలవడమే కారు పరిగెడుతూ మొదలైంది. దీనికి ముందు ఇంకో ముక్క ఉండాలి."

మా కెమెరాలు పొడుగు వీడియోని ముక్కలు చేసి దాచుకుంటాయి. ఆ ముక్కలకు పెట్టే పేర్లకి ఒక వరసంటూ ఉండదు. మొదటి ముక్క ఒకచోట ఉంటే రెండోది ఇంకెక్కడో పడి ఉంటుంది. కొత్తగా చెయ్యి పెట్టినవాడు ఎవడైనా ఇక్కడే బోల్తా పడతాడు. బావ రెండో ముక్కని మొదటిదనుకుని అతుకు వేశాడు. నేను వెతికి మొదటిది తెరిచాను.

తెల్ల ఫోర్సా స్టీరింగు కనపడింది. రెండు చేతులు డబ్బాని పట్టుకుని కెమెరా ముందుకు వచ్చాయి. తర్వాత గొంతు వినపడింది. "ఇటు చూడండి. కదలొద్దు." ఆ వెంటనే కీచు.

సత్ప్రసాదం ఫోటోకి తెల్లబట్టలు వేసుకుని వచ్చే పిల్లలతో మా అక్క అనే మాట అది. కెమెరా ఎదురుగా ఉంటే చాలు, నోటినుంచి దానంతటదే వస్తుంది. అన్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

అక్క చేస్తుంటే చూసినట్టే ఆ కీచు దగ్గర అతుకు వేశాను. ఇప్పుడు అన్నీ కలిశాయి. గీత దాటగానే అంకె మారింది. టైర్లను పద్ధతిగా చుట్టింది, ఎక్కడా కోసుకుపోలేదు. మేం బల్ల దగ్గర చూసిన టైమే వచ్చింది.

బావకు ముందు నవ్వొచ్చింది. "అయితే ఒస్వాల్దో నాకంటే వెనకేరా! వాడిది కాదది! వెధవ, నా చేప తిన్నాడు!" అని నా వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. చెయ్యి వీపు మీద ఉండగానే నవ్వు ఆగిపోయింది. ఒస్వాల్దోది కాదని చెప్పాలంటే ఎవరిదో కూడా చెప్పాలి.

"ఎప్పుడు నడిపింది?" అన్నాడు.

"ఆరోజు నువ్వు నీ కారు కింద పడుకుని బ్రేకు మారుస్తున్నావ్ కదా, అప్పుడయ్యుంటుంది. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో ఎవడికి తెలుస్తుంది?"

నీలం ఫోర్సాలో ఒక్క రౌండు వేస్తానని అక్క ఆయన్ని అడగని సంవత్సరం లేదు. తాళం ఇవ్వకుండా ప్రతిసారీ ఒకటే జవాబు, క్లచ్ కాలిపోతుందని. ఒస్వాల్దో కారు అడిగి ఆ రౌండు వేశాక కూడా ఆమె నోరు విప్పలేదంటే కారణం నాకు తెలుసు. భార్యని చూసి కుళ్లుకునే మొగుడితో ఒకే కంచం దగ్గర కూర్చోవాల్సి వస్తుందని.

"ఈ మాట ఇక్కడే ఉండిపోవాలి," అన్నాడు బావ.

"ఎందుకూ? ఒస్వాల్దో నీకంటే వెనకని తేలాలనేగా ఇంత రభస?"

"ఒస్వాల్దో చేతిలో ఓడిపోవడం ఒక రకం రా," అన్నాడు. రెండో రకం సంగతి చెప్పలేదు.

మళ్లీ ట్రాక్ తెరిచిన ఆదివారం ఒస్వాల్దో టైము ఎప్పటిలా మధ్యలోనే ఉంది. బల్ల దగ్గర అందరూ వాడి మీద పడ్డారు.

"ఏం ఒస్వాల్దో, ఆ రెక్కలు ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"

"వచ్చేసారి రంగు మార్చుకుని రా, నీ దుకాణంలో బోలెడుందిగా!"

"అసలా టైము నీదేనా?"

ఒస్వాల్దో ముఖం ఎర్రబడింది. మా అక్క వైపు చూశాడు. ఇంకాస్త నొక్కితే చెప్పేసేవాడే. అప్పుడు బావ లేచాడు. నెలరోజులు వాణ్ణి తిట్టిన నోటితోనే, "వాణ్ణి వదిలెయ్యండి," అన్నాడు. "నేను స్టూడియోలో కూర్చుని అతుకు స్వయంగా చూశాను. ఒక్క తప్పు లేదు. అది ఒస్వాల్దో టైమే."

అందరూ నోరు తెరిచారు. ఎఫ్రాయిన్ ఇంకొకడి గొప్ప ఒప్పుకోవడం ఎవరం ఎరగం. పక్కవాడు ఆయన భుజం కూడా తట్టాడు.

అక్క మాత్రం ఆయన్నే చూస్తోంది. "స్వయంగా చూశావా?"

"చూశాను."

"వీడియో మొదటి ముక్క చూశావా?"

బావ మిరపకాయ పచ్చడి గిన్నెని ఇటునుంచి అటు జరిపాడు.

అక్క లేచి, ల్యాప్‌టాప్‌ని పిన్ని టీవీకి తగిలించింది. ఇన్నాళ్లూ ఆయన బాధపడతాడని దాచింది. ఆయన తెలిసి కూడా ఇంకొకడికి కట్టబెట్టాడు. ఆ కోపంతోనే వీడియో తెరిచింది. టీవీలో చేతులు వచ్చాయి. "ఇటు చూడండి. కదలొద్దు," అంది గొంతు. కీచుమంది. ఆ మాట విని తన పిల్లల ఫోటోలు గుర్తొచ్చాయేమో, ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. రౌండు పూర్తయ్యేదాకా అందరూ టీవీకే అతుక్కుపోయారు.

పిన్ని పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. "ఇప్పుడిది ఎవరికి పెట్టమంటారు?"

"ఇటు తే పిన్నీ," అంది అక్క. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. అప్పుడు మేం కూడా తినడం మొదలుపెట్టాం. ఒస్వాల్దో అందరికంటే ఆబగా తిన్నాడు.

బావ తినలేదు. పళ్లెం కేసి చూస్తూ, "వాడికిచ్చావు," అన్నాడు.

"ఏమిటి?"

"టైము. ఎవడో ఒకడి పేరు మీద పెట్టేదే అయితే నా పేరు మీద పెట్టొచ్చుగా? వాడెవడు? నేను కదా నీ మొగుణ్ణి!"

వేరే రోజైతే పగలబడి నవ్వేవాళ్లం. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఎవరమూ నవ్వలేదు.

అక్క ముల్లు ఒకటి తీసి పళ్లెం అంచున పెట్టింది.

"పెట్టేదాన్నే, ఎఫ్రాయిన్," అంది. "కారు తాళం మొదట నిన్నే అడిగాను."