వెర్లీన్ నింపిన తూటాలు

మోంటానా కొండల్లో వెర్లీన్ తమ్ముడు ఆర్లిస్ దారికడ్డంగా పడిన చెట్లు కోసే పని చేస్తాడు. అక్కడ ఎలుగుబంట్లు ఎక్కువ. నడుముకి మ్యాగ్నమ్ రివాల్వర్ లేకుండా వాడు అడుగు వెయ్యడు. అందులో తూటాలు ముప్పై ఏళ్లుగా అక్క చేతివే.

పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు శుభ్రం చేసి, మళ్లీ తుపాకీ మందు పోసి గుండు బిగించడం ఆమెకు మొగుడు నేర్పాడు. ఆయన పోయాక షెడ్డులో తూటాలు నింపే బల్ల దగ్గరే ఆమెకు పొద్దు గడిచేది. మందు పోయని గొట్టం బోర్లా ఉండాలి, పోసింది నిటారుగా ఉండాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు. గొట్టంలో మందు సగం కూడా రాదు మరి. పొరపాటున రెండోసారి పోసినా పొర్లదు. గుండు బిగించాక ఇక కనపడదు. పేల్చినప్పుడు రివాల్వర్ చేతిలోనే బద్దలవుతుంది.

ఆ రోజు ఆమె వేళ్ల కీళ్లు పట్టేశాయి. ఒక్కొక్కటీ తిప్పే ఓపిక లేక యాభై గొట్టాలూ ముందే నిటారుగా నిలబెట్టింది. మధ్యలో పక్క పొలం ఆవిడ గడ్డి మోపుల గురించి అడగడానికి వచ్చి అరగంట కూర్చుంది. ఎక్కడ ఆపిందో గుర్తుందనుకుని వెర్లీన్ మిగతావి పోసేసింది.

మర్నాడు పొద్దున మందు డబ్బా తూచింది. ఉండాల్సినదానికన్నా ఒక తూటాకి సరిపడా తక్కువుంది. ఇంట్లో ఉన్న ముప్పై ఎనిమిదీ తూచింది. అన్నీ సమానం. మిగతా పన్నెండూ తీసుకుని ఆర్లిస్ తెల్లారగానే కొండ మీదికి వెళ్లిపోయాడు. పైన ఫోను అందదు.

బండి దారి అయిపోయేదాకా తోలి, అక్కడినుంచి రెండు మైళ్లు ఎక్కింది. మోకాళ్లు మొరాయించాయి. వాడి పేరు పెట్టి పిలుస్తూ, ప్రతి పిలుపు తర్వాతా తుపాకీ చప్పుడు వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది.

మలుపులో వాడు రివాల్వర్ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా పళ్ల పొదల్లో పిల్లతో తల్లి ఎలుగు.

"పేల్చకురా," అంది. "నువ్వు తెచ్చుకున్న పన్నెండిట్లో ఒకదాంట్లో మందు రెండుసార్లు పోశాను."

"ఏ దాంట్లో?"

"తెలీదు."

వాడు తల తిప్పలేదు. "ముప్పై ఏళ్లలో ఇవాళే కుదిరిందా అక్కా నీకు?" అన్నాడు మెల్లగా.

ఎలుగు వెనక కాళ్ల మీద లేచి వాసన పట్టింది. వాడి వేలు మీట మీదే ఉంది. వెర్లీన్ దండం పెట్టలేదు, ఏడవలేదు, ఆ వేలునే చూసింది. ఎంతసేపో. ఎలుగు దిగి, పిల్లని ముక్కుతో తోసుకుంటూ పొదల్లోకి పోయింది.

ఆర్లిస్ తూటాలన్నీ తీసి ఆమె కోటు జేబులో పోశాడు. ఖాళీ రివాల్వరుతో రెండు మైళ్లు దిగాలి. ఎలుగులు తప్పుకోవాలంటే మనుషుల అలికిడి వాటికి వినపడుతుండాలి, మాట్లాడుతూ నడవమన్నాడు.

"ఎలా జరిగిందో చెప్పు."

కీళ్లనొప్పి దగ్గర మొదలుపెట్టింది. బోర్లా పెట్టకుండా నిలబెట్టిన గొట్టాల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేసింది. కింద ఎక్కడో కొమ్మ విరిగింది.

"గట్టిగా చెప్పు," అన్నాడు ఆర్లిస్.

చెప్పింది, కొండంతా వినబడేలా.