వెళ్లేటప్పుడు కడిగిన చేతులు

ఎర్ర సబ్బు వాసన తగిలితే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

నాకు పదేళ్లప్పుడు, చల్లపల్లిలో, అమ్మ క్యాన్సర్ మందులతో నీరసించి మంచాన ఉండేది. పక్కవాళ్ల జలుబు అంటుకున్నా ఆమె ప్రాణానికే ముప్పని డాక్టరుగారు చెప్పారు. చేతులు ఎలా కడుక్కోవాలో లైబ్రరీ పుస్తకంలో రెండుసార్లు చదివి, గుమ్మం పక్కన స్టూలు మీద సబ్బు, కింద బకెట్టు నీళ్లు నేనే పెట్టాను. వారం తిరక్కుండానే సబ్బు అరిగిపోతుంటే, చూడవచ్చినవాళ్లంతా నా మాట వింటున్నారని మురిసిపోయాను.

ఒక ఆదివారం పామర్రు నుంచి మేనత్త వచ్చింది. బస్సు దిగిన చేతులతోనే తిన్నగా లోపలికి వెళ్లి అమ్మ చెంపలు నిమిరింది. బయటికొచ్చాక మాత్రం మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది.

“అత్తయ్యా, కడుక్కోవాల్సింది లోపలికి వెళ్లేముందు!” అన్నాను.

“చాల్లేవే డాక్టరమ్మా! ఇంటి దగ్గర పసిపిల్లలున్నారు. మీ అమ్మ జబ్బు వాళ్లకి అంటించమంటావా?”

“ఆ జబ్బు ఎవరికీ అంటదు! మీ జలుబే అమ్మకి అంటుతుంది!” అని అరిచాను. అప్పుడర్థమైంది, ఇన్నాళ్లూ అందరి చేతుల్లో సబ్బు అరిగింది అమ్మ కోసం కాదు, అమ్మంటే భయంతో.

కిటికీ లోపలి నుంచి అమ్మ పిలిచింది. “నువ్వు కడుక్కున్నావుగా, రా. జడ వేస్తాను.” ఆమె వేళ్లు వణుకుతూనే మూడు పాయలూ అల్లాయి.

మర్నాటి నుంచి చెంబు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నేనే నిలబడ్డాను.

అత్తయ్యకి తెలియదు, ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అమ్మకి వినపడేలా అనాలా?