సున్నం గీత

నా చిన్నప్పుడు దసరా మా ఇంటికి కిరోసిన్ వాసనతో వచ్చేది. అందరిళ్లలో బతుకమ్మ పూలు, జమ్మి ఆకు, కొత్త బట్టలు. మా ఇంట్లోనూ అవన్నీ ఉండేవి గానీ, వాటికంటే ముందు స్పానర్లు ఉండేవి. వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు పక్కన మా బాపుకు మోటారు బండ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. పండుగ పొద్దున షెడ్డులోని ఇనుమంతా కిరోసిన్ గుడ్డతో తుడవాలి. ఆరాక ప్రతి పనిముట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాలి. ఆడపిల్ల చేత్తో పెట్టిస్తే కలిసొస్తుందని మా అమ్మ నమ్మకం. ఇంట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నాది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అది మంచి నవ్వు కాదు.

షెడ్డు మా బాపుదే అయినా బండ్లు వచ్చేది మాత్రం మేస్త్రీ తాత కోసం. ఆయన మాకు చుట్టం కాదు. మా సొంత తాత బతికున్న రోజుల్లో పనిలో చేరి, అక్కడే ముసలివాడయ్యాడు. మా బాపుకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస తన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. ఆకు వక్క ఎప్పుడూ నోట్లో, సున్నం డబ్బీ ఎప్పుడూ నడుముకు ఉండేవి.

ఆ మధ్య ఆయన చూపు తగ్గుతూ వచ్చింది. స్పానర్ మీది నంబరు చదవలేక బొటనవేలితో తడిమి చూసుకునేవాడు. అది షెడ్డులో అందరూ గమనించారు, మా బాపు అందరికంటే ముందు గమనించాడు. అన్నం తింటూ మా అమ్మతో అనేవాడు, "ముసలోనికి కండ్లు కనవడ్తలేవు. పొమ్మందమంటే నోరు వస్తలేదు." హైదరాబాద్‌లో పని నేర్చుకొచ్చిన వయసు పిల్లవాడొకడు బాపు మనసులో ఉన్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్క పెద్ద తప్పు పట్టుబడితే మేస్త్రీ తాత ఆ షెడ్డులో ఉండడు. నాకు పదేళ్లే గానీ, ఆ మాత్రం నాకూ అర్థమయ్యేది.

ఆ ఏడు దసరాకు నాలుగు రోజుల ముందు నర్సంపేట పత్తి సేటు పికప్పు మా షెడ్డుకు వచ్చింది. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన పాత బండి. ఇంజన్ ముందు వైపు నుంచి డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే గలగల. మేస్త్రీ తాత విని, టైమింగ్ చైను సాగిపోయిందన్నాడు. మూత విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు. లోపల కింద చిన్న పళ్ల చక్రం, పైన పెద్ద పళ్ల చక్రం, రెండింటినీ చుట్టుకుని నల్లగా, వదులుగా వేలాడుతున్న గొలుసు.

"ఇగో సూడు బిడ్డా, కిందిది రెండు సుట్లు తిరిగితే పైది ఒక్క సుట్టు తిరుగుతది. పొత్తు తప్పిందా, ఇంజన్‌కు ఊపిరాడదు" అన్నాడు.

మామూలుగా అయితే ఆ పొత్తు కుదరడానికి రెండు చక్రాల మీదా కంపెనీ వాళ్లు కొట్టిన గుర్తులు ఉంటాయట. ఈ బండిలో పై చక్రాన్ని ఎప్పుడో ఎవరో మార్చేశారు, దాని మీద ఏ గుర్తూ లేదు. అందుకే పాత గొలుసు తీసే ముందు ఆయన డబ్బీలోంచి సున్నం తీసి, ఎదురెదురుగా వచ్చిన రెండు పళ్ల మీద గోటితో సన్నని గీతలు గీశాడు. పంటి కొస నుంచి మొదలు దాకా, నిలువుగా. "గొలుసుదేమున్నది, ఎవలైనా ఏస్తరు. గుర్తే పాణం" అన్నాడు. కొత్త గొలుసు హైదరాబాద్ నుంచి పండుగ వెళ్లాక గానీ రాదన్నారు. పాత గొలుసు తీసేసి, ఇంజన్ మీద గోనెసంచి కప్పి వదిలేశారు.

పండుగ పొద్దున మా బాపు గుమ్మడికాయ కోసం బజారుకు పోయాడు. పూజ వేళకు గానీ మేస్త్రీ తాత రాడు. నేను జాకీలు, సుత్తెలు, పానాలు అన్నీ తుడిచాను. అన్నిటికీ పసుపు రాశాను, బొట్లు పెట్టాను. చివరికి గోనెసంచి ఎత్తాను. ఇంజన్ కూడా ఇనుమే కదా అనుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటారన్న ఆశ కూడా ఉండే ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో రెండు చక్రాలనూ మెరిసేదాకా రుద్దాను. గుడ్డ కింద పై చక్రం టక్కుమని కొంచెం పక్కకు తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, సున్నం గీతలు.

అవి లేవు. రెండూ పోయాయి. అప్పుడే పరుగెత్తుకుపోయి చెప్పి ఉంటే ఈ కథే లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటారే, అదే చేశాను. ఇంట్లోకి పోయి తాంబూలం పళ్లెంలోంచి వేలి కొసకు సున్నం అంటించుకొచ్చాను. అప్పటికి ఏ పళ్లు ఎదురెదురుగా ఉన్నాయో వాటి మీద రెండు చుక్కలు పెట్టాను. పొద్దుటి నుంచీ బొట్లు పెడుతున్న చెయ్యి కదా, గీత గీయాలని కూడా తోచలేదు. సంచి కప్పేశాను. పూజకు మేస్త్రీ తాత ఉతికిన ధోవతి కట్టుకొని వచ్చాడు. నేను పెట్టిన బొట్లన్నీ చూసి నా తల నిమిరాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

కొత్త గొలుసు వచ్చింది. బడికి దసరా సెలవులు కావడంతో నేను అక్కడే ఉన్నాను. ఆయన చక్రాల మీదికి ముక్కు ఆనేంత వంగి, మసకగా గుర్తు కనిపించిన రెండు పళ్లను చూసుకుని గొలుసు వేశాడు. గీతలు చుక్కలయ్యాయని ఆ కళ్లకు తెలియలేదు. ఆ ముక్క పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను. ఆయన చూపు బాగుంటే నా తప్పు అక్కడే దొరికేది కదా, తప్పులో ఆయన వాటా కూడా ఉంది కదా అని. పాపం చేసినవాళ్లకు లెక్కలు బాగా వస్తాయి.

మూత బిగించి ఇంజన్ తిప్పారు. గలగల పోయింది. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి, ఆయన ముఖం తప్ప. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"సప్పుడైతే పోయింది గని, దమ్ము లేదు సేటూ. మల్ల ఇప్పి జర సూస్త" అన్నాడు పత్తి సేటుతో.

"కొత్త చైను గదా, సర్దుకుంటది తియ్యి" అన్నాడు మా బాపు. "ఆయన పత్తి మార్కెట్‌కు పోవాలె."

"ఒక్క పూట ఆగుమనుండ్రి."

"నీ కండ్లతోని ఇప్పి బిగిచ్చేసరికి రెండు దినాలైతది, మేస్త్రీ."

నలుగురి ముందు ఆ మాట పడ్డాక ఆయన స్క్రూడ్రైవర్ తుడిచి దాని చోట పెట్టాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. దమ్ము ఎందుకు లేదో ఆ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు. చాయ్ చల్లారిపోయింది, ఇంకో గ్లాసు తెమ్మన్నారు, తెచ్చాను. నేను చేసింది అంతే.

రెండు రోజుల తర్వాత ఆ పికప్పు మా షెడ్డుకు తిరిగి వచ్చింది. తనంతట తాను రాలేదు, ఒక జత ఎడ్లు దాన్ని లాక్కొచ్చాయి. నిండా పత్తి వేసుకుని వస్తుంటే దారిలో ఎత్తు ఎక్కలేక, సైలెన్సర్‌లో ఫట్ ఫట్‌మని పేలి ఆగిపోయిందట. అదే సమయానికి వాన. పైన కప్పిన తార్పాల్ చాలలేదు, పత్తి తడిసి ముద్దయింది. సేటు అరుపులకు రోడ్డు మీద పోయేవాళ్లందరూ ఆగారు. మా బాపు ఆ గుంపు మధ్యలో నిలబడి మేస్త్రీ తాత వైపు చెయ్యి చూపించాడు. "ఏం జేస్త సేటూ! మా నాయన కాలపోడని పనిల ఉంచుకుంటి. కండ్లు పోయినయ్, పని ఇడువడు. నా పరువు తీసిండు." మళ్లీ విప్పి చూస్తానని ఆయన బతిమాలిన సంగతి మాత్రం నోట రానివ్వలేదు.

మేస్త్రీ తాత మూత విప్పాడు. బొటనవేలితో పళ్లను ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టాడు. ఒకచోట ఆగాడు. నూనె నా చుక్కలను కడిగేసింది గానీ, పంటి మొదట్లో సందులో కాస్త మిగిలింది. దాన్ని గోటితో గీరి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. అది తెల్లగా లేదు, ఎర్రగా ఉంది. సున్నానికి పసుపు తగిలితే ఏమవుతుందో హారతి నీళ్లు కలిపే ప్రతి ఇంటికీ తెలుసు. షెడ్డులో పండుగ పూట చేతికి పసుపు ఉన్నది నాకొక్కదానికే.

ఆయన తల ఎత్తి నేనున్న వైపు చూశాడు. నా ముఖం ఆయనకు కనబడిందో లేదో నాకు తెలియదు. మా బాపు ఏముందో చూద్దామని వంగేలోపే భుజం మీది తువ్వాలతో ఆ పళ్లను గట్టిగా తుడిచేశాడు. "రెండు పండ్లు తప్పినయ్. తప్పు నాదే సేటూ" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన మళ్లీ అంతా సరిచేశాడు. ఈసారి ఏ గుర్తూ లేదు. ఇంజన్‌ను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్లగ్గు తీసిన రంధ్రం మీద వేలు పెట్టి గాలి ఎప్పుడు తోస్తుందో చూసుకుంటూ, గంటల తరబడి వెతికి ఆ పొత్తు పట్టుకున్నాడు. బండి మొదటి తిప్పుకే అందుకుంది. సేటు కూడా నోరు మూసుకున్నాడు. మేస్త్రీ తాత చేతులు కడుక్కుని, గూట్లోని తన అంగీ తొడుక్కుని బయటికి నడిచాడు. ఆగమని మా బాపు అనలేదు.

నేను వెనకాల పరుగెత్తి రోడ్డు మలుపులో పట్టుకున్నాను. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన కోపగించుకుని ఉంటే నాకు ఇంత భారం ఉండేది కాదేమో. నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు:

"నాకు ఎరుకే బిడ్డా. గుర్తు చెరుగుతది, అది తప్పు గాదు. చెరిగిందని చెప్పకుంట నీ గుర్తు పెట్టినవ్ సూడు, గది తప్పు. గుర్తు లేకుంటే నేను ఎతుక్కునేటోన్ని. ఉన్నదని నమ్మిన."

నేను అదే పరుగున ఇంటికొచ్చి మా బాపుకు చెప్పాను. చెబితే అన్నీ మళ్లీ మొదటికి వస్తాయనీ, బాపు సైకిల్ తీసుకుని పోయి ఆయన్ను వెనక్కి తెస్తాడనీ అనుకున్నాను. బాపు అన్నం కలుపుతున్నాడు. తల ఎత్తలేదు. "ఊకో. ఎవలకూ చెప్పకు. కొత్త మేస్త్రీ ఎల్లుండి వస్తాండు" అన్నాడు. మా అమ్మ కూర వడ్డించింది. కాగల కార్యం గంధర్వులే తీర్చారు, ఆ గంధర్వుల్లో నేనొకదాన్ని. నిజం ఎవరికీ అక్కర్లేని సమయాలు ఉంటాయని ఆ పూట మా బాపు నాకు నేర్పాడు. ఒకే రోజు ఇద్దరు పెద్దలు రెండు పాఠాలు చెప్పారు. మా బాపు చెప్పినదే లోకంలో ఎక్కువసార్లు పనికొచ్చింది, అందుకే ఆయన మీద నాకు ఇంకా కోపం.

మేస్త్రీ తాతను ఇంకొక్కసారే చూశాను. నా పెళ్లయ్యాక, బస్సు మరిపెడలో ఆగితే కిటికీలోంచి చూశాను. అల్లుడి సైకిల్ దుకాణం ముందు పీట మీద కూర్చున్నాడు. కళ్లు పూర్తిగా పోయాయి. ఒడిలో సొట్టపోయిన సైకిల్ చక్రం పెట్టుకుని, ఒక వేలు అంచుకు ఆనించి తిప్పుతున్నాడు. వేలికి తగిలినచోట ఆపి, పుల్లలు బిగించి, మళ్లీ తిప్పుతున్నాడు. చక్రం కాసేపటికి వంకర లేకుండా తిరిగింది. ఆ చేతులకు కళ్లతో పనిలేదు. దిగి దగ్గరికి పోయాను. అడుగుల చప్పుడు విని "ఎవలది బిడ్డా? గాలి కొట్టాల్నా?" అని అడిగాడు. బస్సు హారన్ కొట్టింది. నేనెవరో చెప్పకుండానే వెనక్కి వచ్చి బస్సెక్కాను.

ఇప్పుడు దసరాకు మా మనవలు స్కూటర్లు కడిగి వరసగా నిలబెడతారు. ఇంటికి పెద్దదాన్నని కుంకుమ గిన్నె నా చేతికే ఇస్తారు. నేను ముందు చేతి పసుపు సబ్బుతో కడుక్కుని వస్తాను. బండ్ల చుట్టూ ఒకసారి తిరిగి, దేని మీదైనా ఎవరైనా ఏదైనా గుర్తు పెట్టుకున్నారా అని అడుగుతాను. పిల్లలు నవ్వుతారు, ముసలమ్మకు చాదస్తం అంటారు. లేదని ఒక్కొక్కరూ వచ్చి నాకు చెప్పేదాకా నా వేలు కుంకుమ గిన్నెలోకి పోదు.