బాపు మరిచిపోయిన చరణం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునే రకం నేను. మందమర్రిలో సైన్సు టీచరుగా పనిచేశాను. బడి వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు భయపడితే, దాని కిందే కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఆ మొండితనం ఇప్పటికీ పోలేదు. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

మా బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో, అదే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు కరీంనగర్‌లో ఒక పంతులు దగ్గర వేణువు నేర్చుకున్నాడు. ఆ పంతులు సొంతంగా కట్టిన కీర్తన ఒకటుండేది. పంతులు పోయాడు, తోటి శిష్యులూ పోయారు. దాన్ని వాయించగలిగినవాడు బాపు ఒక్కడే మిగిలాడు. ఆయనా ఏళ్ల తరబడి వేణువు ముట్టలేదు.

పంతొమ్మిది వందల ఎనభైల్లో బాపుకు చిగుళ్లు పాడయ్యాయి. పళ్లన్నీ పీకేయాలని మంచిర్యాల డాక్టరు చెప్పాడు. పళ్లు పోతే పెదవి లోపలికి పోతుంది, ఇక వేణువు ఊదడం కుదరదు. ఆ మాట విన్నాక బాపుకు అన్నం సహించలేదు.

"నా పండ్లు పోతె పోనీ బిడ్డా. గా కీర్తన పోవద్దు" అన్నాడు.

పళ్లు పీకించేలోగా కీర్తనను టేపుకెక్కించాలని నేను పట్టుబట్టాను. ఎదురింటి సత్తెక్క దగ్గర, భర్త దుబాయి నుంచి తెచ్చిన టేప్ రికార్డర్ ఉంది. దానికి ఆమె పూలు కుట్టిన గుడ్డ తొడుగు వేసింది. మీటల దగ్గర మాత్రమే చీలిక. మా కాలనీలో దుబాయి సామాను ఏదైనా తొడుగులోనే బతికేది.

"దుమ్ము పడ్తది, తొడుగు తియ్యద్దు" అని సత్తెక్క షరతు పెట్టింది. సరేనన్నాను. కొత్త క్యాసెట్ మీది కాగితం నా చేతులతోనే చింపాను.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. పల్లవి, అనుపల్లవి చక్కగా వాయించాడు. చరణం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. రికార్డింగు ఆపడానికి మీట నొక్కాను. అది సరిగ్గా పడలేదు. ఎర్ర లైటు తొడుగు కింద ఉండిపోవడంతో టేపు ఇంకా తిరుగుతోందని ఎవరికీ తెలియలేదు.

బాపు వేణువును మంచం మీద పెట్టేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, టీ తెచ్చింది. సత్తెక్కతో కలిసి అందరం తాగాం. మధ్యలో గని సైరన్ కూడా మోగింది.

సాయంత్రం, వాయించినంతవరకైనా విందామని టేపు పెట్టాను. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. తర్వాత గ్లాసుల చప్పుడు, సత్తెక్క మాటలు, సైరన్. వాటి వెనక సన్నగా వేణువు. చరణం మొత్తం వాయిస్తోంది.

నేను రికార్డరు దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. అవ్వ తలుపు దగ్గరే నిలబడిపోయింది. బాపు మాత్రం రికార్డరుకు చెవి ఆనించి, "ఇగో, గిదే! గిట్లనే పోతది!" అంటూ తొడ మీద తాళం వేశాడు. ఆయన అంత సంతోషంగా ఉంటే భయపడటానికి నాకే సిగ్గేసింది.

పక్కింటి రేడియో అనుకుందామా అంటే, ఆ కీర్తన ఏ రేడియోలోనూ రాలేదు. పాత రికార్డింగ్ అనుకుందామంటే క్యాసెట్ కొత్తది, పైగా మా మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క వేణువూ మా కళ్ల ముందే మంచం మీద ఉంది, టీ తాగేటప్పుడు మాకెవరికీ వేణునాదం వినబడలేదు.

టేపు వింటూ వింటూ బాపు చరణాన్ని పట్టుకున్నాడు. పళ్లు పీకించుకునే ముందు కీర్తన మొత్తం ఇంకో క్యాసెట్ మీద వాయించాడు. ఈసారి నేను తొడుగు తీసేశాను, సత్తెక్క దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ క్యాసెట్ వినిపించి, బోసినోటితో హాయిగా నవ్వేవాడు.

మొదటి క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో టీ తాగుతూ బాపు అన్న మాట ఒకటి వినబడుతుంది: "ఎంత జేసినా యాదికొస్తలేదు." ఆ మాటకు వేణువు ఆగుతుంది. కాసేపటికి అదే చరణం మళ్లీ మొదటి నుంచి వస్తుంది. ఈసారి నెమ్మదిగా, ఒక్కో ముక్క విడదీసి.

ఇదెలా జరిగిందో నేను ఈనాటికీ చెప్పలేను. బాపును అడిగితే ఆయనకు ఏ అనుమానమూ లేదు.

"మా పంతులు గట్లనే బిడ్డా. రాలేదంటె మల్ల చెప్తడు" అన్నాడు.