నవ్సారి దాకా పట్టిన నిద్ర

నిన్న సాయంత్రం మా మరిది ఫోనులో వార్త చదివి వినిపించాడు. సూరత్ అంచున కొత్తగా లేచిన బస్తీల దాకా కరెంటు రైళ్ళు పొడిగించడం దండగా, కాదా అని రైల్వే పెద్దవాళ్ళు ఆలోచిస్తున్నారట. "గంత దూరం ఎవలెక్కుతరు వదినా? ఖాళీ డబ్బాలు తిప్పుడే గద!" అని నవ్వాడు. నా మనసు మాత్రం సూరత్ శివారున ఉన్‌లో కాపురం పెట్టిన రోజులకు వెళ్ళిపోయింది.

అప్పట్లో మావారు నగరంలోనే బమ్రోలి అనే చోట పవర్‌లూమ్ మీద రాత్రి పాళీ చేసేవారు. నగరంలో అద్దెలు భరించలేక అంత దూరాన గది తీసుకున్నాం, రాకపోకలకు సైకిలే దిక్కు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి తెల్లవారాక లారీల పక్కన తొక్కుకుంటూ ఇల్లు చేరేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టేదాన్ని కాదు. బడి ముఖం చూడని నాకు నాన్న ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. ఆ పుణ్యాన దీపం పెట్టి విష్ణు సహస్రనామం చదువుకునేదాన్ని, అది పూర్తయ్యేసరికి ఆయన గుమ్మంలో ఉండేవారు. ఒక వానాకాలం ఉదయం రెండుసార్లు పూర్తయ్యాక గానీ ఆయన రాలేదు. మోచేయి గీసుకుపోయి వచ్చి, బురదలో జారానన్నారు. చొక్కా ఉతుకుతుంటే వీపున లారీ గ్రీజు మరక కనిపించింది. గట్టిగా అడిగితే, తొక్కుతూ తొక్కుతూనే కన్ను మూతపడిందని ఒప్పుకున్నారు.

కొన్నాళ్ళకు మా ఉన్‌కు దగ్గరలోని సచిన్ స్టేషనులో ఆగే కరెంటు బండి ఒకటి ఉదయం పూట వేశారు. అటు స్టేషను దాకా నడవాలి, ఇటు దిగాక ఇంటి దాకా నడవాలి, సైకిలే నయమని మా గల్లీ మగవాళ్ళంతా పెదవి విరిచారు. మావారిదీ అదే మాట. ఎన్నడూ ఏదీ అడగనిదాన్ని, ఒట్టు పెట్టించుకుని మరీ ఆయన్ని బండెక్కించాను.

మొదటిరోజే ఆయన వేళకు రాలేదు. సహస్రనామం మూడోసారి సగంలో నాలుక తడబడింది. పట్టాలు దాటుతూ ఏమైనా అయిందేమో, పంపింది నేనే కదా అని, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాకా పరుగెత్తాను. ఎదురుగా ఆయన, చెంప మీద టిఫిన్ సంచి అల్లిక అచ్చుపడి, తాపీగా నడుచుకుంటూ వస్తున్నారు.

"ఏంది గిట్ల ఉరుకుతున్నవ్? జర నిద్ర పట్టింది. లేచి చూస్తే నవ్సారి!"

సచిన్ దాటి ఇంకో పట్నం దాకా పోయిందే తెలియలేదట, వెనక్కి వచ్చే బండెక్కి దిగారట. నగరం వదిలి వచ్చే బండి కాబట్టి డబ్బాలో తానొక్కరేనట, కాళ్ళు చాపుకుని పడుకున్నారట. సెలవు రోజున మగ్గాల మోత చెవిన పడక ఇంట్లో కునుకైనా పట్టని మనిషికి ఆ చక్రాల చప్పుడు జోలపాట అయింది.

"ఇగ ఇంట్ల మంచమెందుకు బిడ్డా, అమ్మేద్దాం. రోజూ నవ్సారి పోయి పండుకొని రా!" అని అప్పట్లో మాతోనే ఉన్న అత్తమ్మ ఎత్తిపొడిచింది. నేను నవ్వబోయి ఏడ్చేశాను. నిద్ర ముంచుకొచ్చినా మనిషి ఇల్లు చేరే దారి ఒకటి ఉందని తెలిసిన ఆ ఉదయాన ఆ స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో!

ఖాళీ డబ్బాల లాభనష్టాలు నాకు తెలియవు. అప్పుడు ఊరి చివర అంటే ఉన్. ఇప్పుడు అది నడి ఊళ్ళో కలిసిపోయింది, చివర ఇంకెక్కడికో జరిగింది. అక్కడ ఏదో ఒక గది ముందు ఈ ఉదయం కూడా ఒకామె రాత్రి పాళీ దిగిన మనిషి కోసం రోడ్డు వంక చూస్తూ నిలబడే ఉంటుంది.